మోత మధ్యలో ఖాళీ: ఏసీ/డీసీ యాభై ఏళ్ల సంగీతం

ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ మీద యాభై ఏళ్లుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఒక్కటే: పాటలన్నీ ఒకేలా ఉంటాయని. బ్యాండ్ వాళ్లు దాన్ని గట్టిగా ఖండించింది కూడా లేదు. లీడ్ గిటారిస్ట్ ఆంగస్ యంగ్ అయితే ఆ విమర్శ మీద తానే జోకులేస్తుంటాడు. నిజానికి ఫిర్యాదులో అబద్ధం పెద్దగా లేదు. నాలుగు లెక్కల తాళం, రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్, గొంతు చించుకునే గాయకుడు. 1975లో ఉన్న సరంజామా ఇదే, 2020లో వచ్చిన ఆల్బమ్‌లోనూ ఇదే. తోటి బ్యాండ్లు చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు సింథసైజర్లు తెచ్చుకున్నాయి, రేడియో కోసం నెమ్మదైన ప్రేమపాటలు కట్టాయి, ఆర్కెస్ట్రాలతో కచేరీలు చేశాయి. వీళ్లు ఆ ఛాయలకి దాదాపు వెళ్లలేదు.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. ఏసీ/డీసీ పాటలు నేర్చుకోవడం కష్టం కాదు. గిటార్ పట్టుకున్న కొన్ని నెలల్లోనే ‘హైవే టు హెల్’ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఎవరికైనా వేళ్ల మీదికి వచ్చేస్తాయి. రాక్ వాయించే కాలేజీ బ్యాండ్ ఎక్కడున్నా ఆ పాట ఒకసారైనా వాయించే ఉంటుంది. అయినా అది వాళ్లు వాయించినట్టు ఉండదు. కార్డ్స్ అవే, అదే కంపెనీ గిటార్, అదే కంపెనీ యాంప్లిఫయర్, ఎక్కడో మాత్రం తేడా కొడుతుంది. ఆ తేడా ఎక్కడుందో దొరికితే, గాయకుడు చనిపోయిన అయిదు నెలలకే ఈ బ్యాండ్ తన అతి పెద్ద ఆల్బమ్ ఎలా తేగలిగిందో కూడా తెలుస్తుంది.

కథ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో మొదలవుతుంది. క్రాన్‌హిల్ అనే పేటలో ఉండే యంగ్ కుటుంబం 1963లో, బ్రిటన్‌ని గడ్డకట్టించిన ఒక చలికాలం తర్వాత, మూటాముల్లె సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. అప్పటికి అన్న మాల్కమ్‌కి పదేళ్లు, తమ్ముడు ఆంగస్‌కి ఎనిమిది. సిడ్నీలో ముందు విల్లవుడ్ వలస హాస్టల్లో దిగారు. వాళ్ల అన్న జార్జ్‌కి అక్కడే హ్యారీ వాండా అనే డచ్ కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దరూ ఇంకొందరితో కలిసి ఈజీబీట్స్ అనే బ్యాండ్ కట్టారు. 1966లో ‘ఫ్రైడే ఆన్ మై మైండ్’ పాటతో ఆ పేరు ఇంగ్లండ్ దాకా మోగిపోయింది. బడికెళ్లే తమ్ముళ్లు ఇంట్లోనే ఒక పాప్ స్టార్‌ని చూశారు. ఆ తర్వాత జరిగింది కూడా చూశారు. పెద్ద హిట్ వచ్చాక ఈజీబీట్స్ ఒకసారి ఈ శైలి, ఇంకోసారి ఆ శైలి అంటూ తడుముకుని 1969లో విడిపోయింది. పేరు వచ్చినంతగా డబ్బు చేతికి రాలేదు.

జార్జ్, వాండా తర్వాత రికార్డు నిర్మాతలుగా మారి, తమ్ముళ్ల బ్యాండ్‌ని తమ చేతిలోకి తీసుకున్నారు. ఈజీబీట్స్ నేర్పిన పాఠమంతా అలా స్టూడియోలోకి వచ్చింది. ఫ్యాషన్ వెంట పరిగెత్తొద్దు, వచ్చింది గట్టిగా వాయించు. ఏసీ/డీసీ మొండితనానికి మూలం ఆ ఇంట్లోనే ఉంది.

1973 చివర్లో బ్యాండ్ పెట్టింది ఆంగస్ అనుకుంటారు చాలామంది. పెట్టింది మాల్కమ్. ఆంగస్‌ని కలుపుకున్నదీ అతనే. పేరు మాత్రం అక్క మార్గరెట్ ఇచ్చింది, కుట్టుమిషన్ మీద ఆ అక్షరాలు చూసి. ఆంగస్ స్కూలు యూనిఫాంలో స్టేజీ ఎక్కాలన్న ఆలోచన కూడా ఆమెదే. అది కుదురుకునేలోపు అతను గొరిల్లా వేషం, జోర్రో వేషం కూడా వేసి చూశాడు. డెబ్భై ఏళ్లు వచ్చినా ఆ నిక్కరూ టై వదల్లేదంటే అక్క సలహా ఏ పాటిదో తెలుస్తోంది.

మొదటి కచేరీ 1973 డిసెంబర్ 31 రాత్రి, సిడ్నీలోని చెకర్స్ క్లబ్బులో. మొదటి గాయకుడు డేవ్ ఎవాన్స్ ఏడాది కూడా నిలవలేదు. 1974లో బాన్ స్కాట్ వచ్చాడు. అతనూ చిన్నప్పుడే స్కాట్లాండ్ నుంచి వలస వచ్చినవాడే. అన్నదమ్ముల కంటే వయసులో బాగా పెద్ద, అప్పటికే రెండు మూడు బ్యాండ్లు తిరిగాడు, ఆ ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో చావు తప్పించుకున్నాడు. గొంతులో జీర, మాటలో వెటకారం, చేతిలో ఎప్పుడూ రాసుకునే నోటుబుక్కు. కుర్రాళ్ల బ్యాండ్‌కి ఒక బతికి చూసిన మనిషి దొరికాడు.

1975 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో వచ్చిన ‘టీఎన్‌టీ’ ఆల్బమ్ మొదటి పాట ‘ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్’. పైకి రావాలంటే ఎన్ని మోసాలు, ఎన్ని తన్నులు తినాలో చెప్పే పాట. అందులో గిటార్‌కి ఎదురుగా స్కాటిష్ బ్యాగ్‌పైప్ వినిపిస్తుంది. బాన్ కుర్రతనంలో పైప్ బ్యాండ్‌లో ఉండేవాడని తెలిసి, అయితే పైప్ పెడదాం అన్నది జార్జ్. తీరా చూస్తే బాన్ ఆ బ్యాండ్‌లో వాయించింది డ్రమ్ములు. పైప్ అతనికి రాదు. అయినా పట్టుబట్టి వాయించాడు. 1976లో ఆ పాట వీడియో కోసం మెల్‌బోర్న్‌లోని స్వాన్‌స్టన్ వీధిలో ఒక లారీ మీదెక్కి వాయించుకుంటూ ఊరేగారు. 2004లో అదే నగరం ఒక సందుకి బ్యాండ్ పేరు పెట్టింది.

ఆ రోజుల్లో జార్జ్, వాండా రికార్డింగ్ చేసే తీరు చూస్తే బ్యాండ్ స్వభావం అర్థమవుతుంది. నోటు తప్పిందా, తాళం ఒక వెంట్రుకవాసి జరిగిందా అన్నది వాళ్లకి రెండో విషయం. ఊపు ఉందా లేదా అన్నదే మొదటిది. 1977 ఆల్బమ్ ‘లెట్ దేర్ బి రాక్’ టైటిల్ పాట రికార్డ్ చేస్తుంటే ఆంగస్ యాంప్లిఫయర్ వెనక నుంచి పొగ మొదలైంది. అద్దం అవతల జార్జ్ ఆపొద్దు, వాయించు అని చేతులూపాడు. యాంప్ పాట అయ్యేదాకా ప్రాణం నిలుపుకుని తర్వాత చచ్చింది. ఆల్బమ్‌లో మనం వినేది ఆ టేకే.

ఇక అసలు సంగతి మాల్కమ్ చెయ్యి. స్టేజీ మీద అందరి కళ్లూ ఆంగస్ మీదే ఉంటాయి: ఒంటికాలి మీద గెంతుతాడు, నేల మీద పడి గిరగిరా తిరుగుతాడు. మాల్కమ్ వెనక డ్రమ్స్ పక్కన, తన యాంప్‌ల ముందు నిలబడేవాడు. పల్లవి వచ్చినప్పుడు రెండడుగులు ముందుకేసి మైకులో గొంతు కలిపి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవాడు. లీడ్, అంటే సోలోలు వాయించడం, అతనికి రాక కాదు. మొదట్లో ఇద్దరూ వాయించేవాళ్లు, తర్వాత అది తమ్ముడికి వదిలేసి తాను కార్డ్స్ కొట్టే రిథమ్‌కి పరిమితమయ్యాడు. చేతిలో ఎక్కువగా ఒకే గిటార్, 1963 నాటి గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్, హ్యారీ వాండా ఇచ్చినది. దానికి ఉన్న పికప్‌లలో (తీగల మోతని పట్టి యాంప్‌కి పంపే భాగాలు) తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గరిది ఒక్కటి ఉంచి మిగతావి పీకేశాడు. మామూలు రాక్ గిటారిస్టులు వాడేవాటి కంటే లావు తీగలు కట్టాడు. అన్నిటికంటే ముఖ్యం, గిటార్ వాల్యూమ్ తగ్గించి, యాంప్‌ని పెంచి, చేత్తో బలంగా కొట్టేవాడు.

హార్డ్ రాక్ అనగానే గిటార్ గరగరలాడిపోవాలని కొత్తగా వాయించేవాళ్లు ఆ గరగర తెచ్చే డిస్టార్షన్‌ని మొత్తం తిప్పేస్తారు. వేరేవాళ్ల పాటలు వాయించే కవర్ బ్యాండ్ మొదట తప్పేది ఇక్కడే. మాల్కమ్ శబ్దంలో ఆ గరగర ఆశ్చర్యపోయేంత తక్కువ. కార్డ్‌లోని ఒక్కో తీగ విడిగా వినిపిస్తుంది. మసాలా దట్టించిన కూరలో కూరగాయ వడిలిందో లేదో తెలియనట్టే, డిస్టార్షన్ ఎక్కువైతే చేతి తప్పులు అందులో కలిసిపోతాయి. తక్కువ పెట్టుకున్నవాడికి ఆ అవకాశం లేదు. తీగని ఎప్పుడు కొట్టాడో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు అరచేత్తో అణిచి ఆపాడో, రెండూ బయటపడతాయి.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ టైటిల్ పాట మొదటి పది సెకన్లు వింటే ఇది తేలిపోతుంది. ముందు హై-హ్యాట్ తాళాలు లెక్కేస్తాయి, వాటితో పాటు అణిచిపెట్టిన తీగల మీద పిక్ చేసే టిక్ టిక్. తర్వాత ‘ఈ’ కార్డ్ ఒక్క దెబ్బ. వెంటనే ఖాళీ. ‘డీ’ కార్డ్ పొట్టి దెబ్బలు మూడు. మళ్లీ ఖాళీ. ‘ఏ’ కార్డ్ మీద ఇంకో మూడు. అప్పుడు గానీ ఆంగస్ గిటార్ ఒక చిన్న పలుకు పలకదు. ఆ ఖాళీల్లో వినిపించేది ఫిల్ రడ్ డ్రమ్స్ ఒక్కటే. వినేవాడి తల ఊగేది దెబ్బ పడినప్పుడు అనిపిస్తుంది గానీ, ఊపిరి బిగబట్టేది ఆ ఖాళీలో. కవర్ బ్యాండ్లు ఆ కార్డ్‌ని మోగనిస్తూ వదిలేస్తాయి, ఖాళీ పూడుకుపోతుంది, పాట పడుకుంటుంది. తెలుగు శ్రోతల్లో కొందరికి పాట పేరు తెలియకముందే ఈ రిఫ్, అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే ఈ గిటార్ ముక్క, చెవిన పడి ఉంటుంది. 2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’ సినిమా మొదలయ్యేదే దీనితో.

ఇదే లెక్క మిగతావాళ్లకీ వర్తిస్తుంది. ‘హైవే టు హెల్’ చరణాల్లో బేస్ గిటార్ ఉండదు. క్లిఫ్ విలియమ్స్ చేతులు కట్టుకుని ఊరుకుంటాడు. పల్లవిలో అతను అడుగుపెట్టగానే పాట కింద నేల వచ్చినట్టుంటుంది, కొత్తగా చేరింది ఒక్క వాద్యమే అయినా. ఫిల్ రడ్ అయితే మరీ పిసినారి. సందు దొరికితే డ్రమ్స్ అన్నీ చుట్టబెట్టి వచ్చే డ్రమ్మర్లున్న కాలంలో, అతను కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్), హై-హ్యాట్ దాటి వెళ్లడం అరుదు. స్నేర్ దెబ్బ ఒక పిసరు వెనగ్గా పడుతుంది. ఆ పిసరే పాటకి బరువు. 1983లో అతన్ని పంపేశాక వచ్చిన సైమన్ రైట్, తర్వాత వచ్చిన క్రిస్ స్లేడ్ ఇద్దరూ తక్కువవాళ్లేం కాదు. స్లేడ్ చెయ్యి ఇంకా బలమైనది కూడా. అయినా పాటల నడక మారింది, 1994లో రడ్ తిరిగొచ్చాక గానీ అది మళ్లీ దారిన పడలేదు.

ఆంగస్ లీడ్ ఈ పునాది మీద నిలబడ్డదే. అతని భాష పాత అమెరికన్ బ్లూస్, చక్ బెర్రీ రాక్ అండ్ రోల్. స్టేజీ మీద గెంతే బాతు నడక కూడా బెర్రీ దగ్గర తెచ్చుకున్నదే. అయిదు స్వరాల బ్లూస్ మెట్లు, వేలితో తీగని వణికించే తీరు, అంతే. విచిత్రంగా అతని శబ్దంలో ఒక భాగం పరిగెత్తడం వల్ల వచ్చింది. డెబ్భైల చివర్లో, వైరు కాళ్లకు చుట్టుకోకుండా షాఫర్-వేగా అనే వైర్‌లెస్ పరికరం తెచ్చుకున్నాడు. సిగ్నల్ పోకుండా అందులో పెట్టిన సర్క్యూట్ గిటార్ శబ్దాన్ని బిగించి, కాస్త పెంచి పంపేది. ఆ శబ్దం నచ్చి స్టూడియోలో కూడా, అక్కడ పరిగెత్తే పని లేకపోయినా, దాన్నే వాడాడు.

1976లో బ్యాండ్ లండన్ చేరేసరికి అక్కడ పంక్ అనే కొత్త రాక్ శైలి మొదలవుతోంది. పత్రికలు వీళ్లనీ కొంతకాలం ఆ గాటనే కట్టాయి. అమెరికాలో పరిస్థితి ఇంకా ఇబ్బంది. ‘డర్టీ డీడ్స్ డన్ డర్ట్ చీప్’ ఆల్బమ్‌ని అట్లాంటిక్ రికార్డ్స్ అమెరికా ఆఫీసు 1976లో విడుదలే చేయనంది. రేడియోకి ఎక్కే శబ్దం కావాలని ఒత్తిడి పెరిగి, చివరికి అన్న జార్జ్‌ని పక్కనపెట్టి బయటి నిర్మాతని తీసుకోవాల్సి వచ్చింది. ఒక పేరున్న నిర్మాతతో కుదరలేదు. తర్వాత వచ్చినవాడు రాబర్ట్ జాన్ లాంగ్, అందరూ మట్ లాంగ్ అంటారు.

లాంగ్ జార్జ్‌కి పూర్తి వ్యతిరేకం. గంటల తరబడి ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ వాయించమనేవాడు, శ్రుతి దగ్గర రాజీపడేవాడు కాదు. ఊపు చెడగొడతాడేమో అని భయపడాల్సిన మనిషి. ఆశ్చర్యంగా, అతను రిఫ్‌ల జోలికి పోలేదు. పల్లవుల్లో వెనక పాడే గొంతుల్ని దళసరి చేశాడు, బాన్‌కి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూపించాడు, గిటార్ల చుట్టూ ఉన్న చెత్త ఊడ్చేశాడు. 1979లో వచ్చిన ‘హైవే టు హెల్’ అమెరికాలో 17వ స్థానానికి చేరింది. బ్యాండ్‌కి అక్కడ అంత పైకి రావడం అదే మొదటిసారి. పేరులో నరకం ఉందని చర్చి పెద్దలు కొందరు మండిపడ్డారు. పాట నిండా ఉన్నది టూర్ల మీద టూర్లు తిరిగే బతుకు.

1980 ఫిబ్రవరి 19న లండన్‌లో బాన్ స్కాట్ చనిపోయాడు. వయసు 33. రాత్రంతా తాగి కారులోనే పడుకుండిపోయాడు, పొద్దున్నకి లేవలేదు. మద్యం విషమై చనిపోయాడని విచారణలో తేల్చారు. ఇలాంటి చోట బ్యాండ్లు ఆగిపోవడం మామూలే. అదే ఏడాది డ్రమ్మర్ పోయాక లెడ్ జెప్లిన్ ఆగిపోయింది కూడా. యంగ్ అన్నదమ్ములు కొన్ని వారాల్లో గాయకుడి కోసం వెతకడం మొదలుపెట్టారు. ఉత్తర ఇంగ్లండ్‌లో జోర్డీ అనే బ్యాండ్‌లో పాడి, అది చల్లబడ్డాక కార్లకి వినైల్ పైకప్పులు వేసుకుంటున్న బ్రయాన్ జాన్సన్‌ని పిలిచారు. బాన్ ఎప్పుడో ఇంగ్లండ్‌లో జాన్సన్ పాట విని, ఆ అరుపు గురించి మెచ్చుకుంటూ చెప్పాడని వాళ్లకి గుర్తుంది.

ఆ వసంతంలో బహామాస్‌లోని నాసో దగ్గర కంపాస్ పాయింట్ స్టూడియోలో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రికార్డింగ్. లాంగే నిర్మాత. రిఫ్‌లు చాలావరకు బాన్ ఉండగా మొదలైనవే, మాటలు మాత్రం జాన్సన్ రాసుకోవాలి. మొదటి పాట ‘హెల్స్ బెల్స్’ గంట శబ్దంతో మొదలవ్వాలని మాల్కమ్, ఆంగస్ పట్టుబట్టారు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో జాన్ టేలర్ కంపెనీకి దాదాపు టన్ను బరువున్న కంచు గంట పోతపోయమని ఆర్డరిచ్చారు. అది ఇంకా తయారుకాలేదని ఇంజనీర్ టోనీ ప్లాట్ రికార్డింగ్ వ్యాన్ తీసుకుని అదే ఊళ్లోని యుద్ధ స్మారక గంటల గోపురం దగ్గరికి వెళ్లాడు. గంట కొట్టినప్పుడల్లా గోపురంలో గూళ్లు పెట్టుకున్న పక్షులు ఒక్కసారిగా లేచిపోతున్నాయి. టేపు నిండా రెక్కల చప్పుడే. చివరికి ఫౌండ్రీలోనే, బ్యాండ్ కోసం పోసిన గంటనే వేలాడదీసి కొట్టించి రికార్డ్ చేశారు. తర్వాత కచేరీల్లో స్టేజీ పైనుంచి దిగింది అదే. ఆల్బమ్ అట్ట మొత్తం నలుపు, బాన్ పోయిన దుఃఖానికి గుర్తుగా. పేరు కూడా కనపడకపోతే ఎలా అని రికార్డు కంపెనీ గోలపెడితే అక్షరాల చుట్టూ బూడిదరంగు గీత గీయడానికి ఒప్పుకున్నారు.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ 1980 జూలై 25న వచ్చింది. అమెరికాలో నాలుగో స్థానం దాటలేదు గానీ అమ్మకాలు ఆగలేదు. 2019 నాటికి ఆ ఒక్క దేశంలోనే 2.5 కోట్ల కాపీల లెక్కకి చేరింది. సంగీత చరిత్రలో అతి ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా ఇది పై వరసలో ఉంటుంది.

జాన్సన్ గొంతు బాన్ గొంతులా ఉండదు. బాన్ మాట్లాడుతున్నట్టు పాడతాడు, కన్నుగీటుతాడు, వరస చివర్న నవ్వు దాస్తాడు. జాన్సన్‌ది పైస్థాయిలో కత్తి నూరినట్టుండే అరుపు, దానిలో కథ చెప్పే వీలు తక్కువ. గాయకుడి మీద నడిచే బ్యాండ్ అయితే ఈ మార్పుకి కూలిపోయేది. ఏసీ/డీసీలో పాట అసలు నడిచేది మాల్కమ్ కుడిచేతి మీద. గాయకుడు ఆ ఖాళీల్లో ఎక్కడ దూరాలో తెలుసుకుంటే చాలు. ఆ మర్యాద జాన్సన్‌కి తెలుసు. టైటిల్ పాటలో గిటార్ దెబ్బల మధ్య అతని మాటలు ఎంత గబగబా, ఎంత లెక్కగా పడతాయో గమనిస్తే ఇది స్పష్టం.

పోయింది ఏమీ లేదని మాత్రం అనలేం. మాటల సంగతి వచ్చేసరికి బాన్ తర్వాతి ఏసీ/డీసీ చిన్నదైపోయింది. బాన్ పాటల్లో బూతు తక్కువేం కాదు, ఆడవాళ్ల గురించి రాసినవి కొన్ని ఇవాళ వింటే ముఖం చిట్లించాల్సిందే. అయితే అతను ముందు తనని తాను వెక్కిరించుకుంటాడు. 1978 ఆల్బమ్ ‘పవరేజ్’లో ‘డౌన్ పేమెంట్ బ్లూస్’ అనే పాట ఉంది: జేబులో పైసా లేదు, కట్టాల్సిన వాయిదాలు మిగిలే ఉన్నాయి, పైకి మాత్రం దర్జా. ‘రైడ్ ఆన్’ ఒంటరితనం మీద రాసిన నెమ్మదైన బ్లూస్, ఈ బ్యాండ్‌లో అరుదైన సరుకు. అలాంటి పాట 1980 తర్వాత రాలేదు. ద్వంద్వార్థాలు మిగిలాయి, వాటి వెనక మనిషి కనిపించడం మానేశాడు. ‘యూ షుక్ మీ ఆల్ నైట్ లాంగ్’ లాంటి ఒకటి రెండు చోట్ల జాన్సన్ సరదాగా రాశాడు. మిగతాచోట్ల మాటలు రిఫ్‌కి మోతగాళ్లు మాత్రమే.

1981లో అట్లాంటిక్ కంపెనీ, అయిదేళ్ల కింద వద్దని పక్కనపెట్టిన ‘డర్టీ డీడ్స్’ని అమెరికాలో దుమ్ముదులిపి వదిలింది. అది మూడో స్థానానికి వెళ్లింది. కొత్త గాయకుడితో ఊళ్లు తిరుగుతున్న బ్యాండ్‌కి పోయిన గాయకుడి ఆల్బమ్‌తో పోటీ. అదే ఏడాది చివర్లో వచ్చిన ‘ఫర్ దోజ్ ఎబౌట్ టు రాక్’ అమెరికాలో బ్యాండ్‌కి మొదటి నంబర్ వన్. అందులో ఫిరంగులు పేల్చాలన్న ఆలోచన, రిహార్సల్స్ సమయంలో టీవీలో ప్రిన్స్ చార్లెస్, డయానా పెళ్లి తాలూకు ఫిరంగి వందనం వినిపించడంతో వచ్చిందంటారు. ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లినా దాని అమ్మకాలు ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ దరిదాపుల్లోకి కూడా రాలేదు. టైటిల్ పాట వదిలితే మిగతాది బరువుగా, మందకొడిగా సాగుతుంది.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు కష్టకాలం. ‘ఫ్లిక్ ఆఫ్ ద స్విచ్’ (1983), ‘ఫ్లై ఆన్ ద వాల్’ (1985) వాళ్లే నిర్మించుకున్నారు. లాంగ్ ఆర్భాటం వద్దు, మళ్లీ ముతకగా వాయిద్దాం అన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ముతకదనం వచ్చింది, రిఫ్‌లు రాలేదు. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే. వాద్యాలు తక్కువ, శ్రుతులు తక్కువ, కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. రిఫ్ గొప్పగా ఉంటే పాట గొప్పది, లేకపోతే మిగిలేది అరుపే. పాటలన్నీ ఒకేలా ఉంటాయన్న ఫిర్యాదు నిజంగా అతికేది ఈ కాలానికే. 1988లో జార్జ్, వాండా మళ్లీ వచ్చి ‘బ్లో అప్ యువర్ వీడియో’ చేశారు. ఆ టూర్‌లోనే మాల్కమ్ తాగుడు మానుకోవడానికి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. అతని చోట అన్న కొడుకు స్టీవీ యంగ్ వాయించాడు. మనిషి మారిన సంగతి జనంలో చాలామంది పోల్చుకోలేదని చెప్పుకుంటారు.

1990లో బ్రూస్ ఫెయిర్‌బర్న్ నిర్మించిన ‘ద రేజర్స్ ఎడ్జ్’తో, ముఖ్యంగా ‘థండర్‌స్ట్రక్’తో మళ్లీ లేచారు. ఈ పాట వాళ్ల పద్ధతికి కొంచెం తిరగేసిన రూపం. ఇందులో ఖాళీ ఉండదు: ఆంగస్ ఎడమచేతి వేళ్లు ఒకే తీగ మీద పైకీ కిందికీ దూకుతూ ఆగకుండా తిరుగుతుంటాయి, దాని కింద గుంపు గొంతుల అరుపు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా డ్రమ్స్, రిథమ్ గిటార్ చేరతాయి. మాల్కమ్ కార్డ్ పడటానికి చాలాసేపు కాచుకోవాలి. ఖాళీని పాట మధ్యలో పెట్టేవాళ్లు, ఇక్కడ దాన్ని ముందుకి జరిపి శ్రోతని నిలబెట్టేశారు. స్టేడియంల కోసమే కట్టినట్టుంటుంది. 1991 సెప్టెంబర్‌లో, సోవియట్ యూనియన్‌లో తిరుగుబాటు విఫలమైన నెల రోజుల తర్వాత, మాస్కో పక్కన తుషినో విమానాశ్రయ మైదానంలో టికెట్ లేకుండా జరిగిన కచేరీకి లక్షల్లో జనం వచ్చారు. అక్కడ ఆఖరున ఎక్కింది ఏసీ/డీసీయే.

వ్యాపారంలోనూ అదే మొండితనం. పాటలు విడివిడిగా అమ్మడం ఇష్టంలేక ఐట్యూన్స్‌లోకి 2012 దాకా రాలేదు, స్ట్రీమింగ్‌లోకి 2015లో గానీ రాలేదు. ఆల్బమ్ అంటే మొదటి నుంచి చివరిదాకా వినాల్సింది అన్నది వాళ్ల వాదన. వాళ్ల ఆల్బమ్‌లు కొన్నిటిలో చివరి మూడు పాటలు ఎవరూ వినరన్నది వేరే సంగతి. 2008లో ‘బ్లాక్ ఐస్’ అమెరికా దుకాణాల్లో వాల్‌మార్ట్‌లో తప్ప దొరకలేదు, అయినా నేరుగా నంబర్ వన్‌కి వెళ్లింది.

2014లో మాల్కమ్ మతిమరుపు వ్యాధితో బ్యాండ్ వదిలాడని ప్రకటించారు. ‘బ్లాక్ ఐస్’ టూర్ నాటికే జబ్బు మొదలైంది. తాను రాసిన రిఫ్‌లనే రోజూ మళ్లీ సాధన చేసుకుని స్టేజీ ఎక్కేవాడని ఆంగస్ తర్వాత చెప్పాడు. స్టీవీ శాశ్వతంగా ఆ చోటికి వచ్చాడు. 2016లో వినికిడి దెబ్బతిని జాన్సన్ ఆగిపోతే మిగిలిన కచేరీలు గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు యాక్సెల్ రోజ్ పాడాడు, మొదట్లో విరిగిన పాదంతో కుర్చీలో కూర్చునే. బాన్ కాలంనాటి పాటలు, బ్యాండ్ ఏళ్లుగా వాయించనివి, పట్టుబట్టి బయటికి తీయించాడు. విన్నవాళ్లు సందేహంతో వెళ్లి సంతోషంగా వచ్చారు. గాయకుడు మారినా నిలబడే బ్యాండ్ అని అది ఇంకోసారి చూపించింది. 2017 అక్టోబర్‌లో జార్జ్, నాలుగు వారాలు తిరక్కుండానే నవంబర్ 18న మాల్కమ్ పోయారు.

2020లో వచ్చిన ‘పవర్ అప్’లో అన్ని పాటలకీ మాల్కమ్, ఆంగస్ పేర్లే ఉన్నాయి. అన్నదమ్ములు ఏళ్ల తరబడి రాసి పక్కన పెట్టుకున్న రిఫ్‌ల పెట్టె తెరిచి ఆంగస్ కట్టిన ఆల్బమ్ అది. వినికిడి కొత్త పరికరంతో కుదుటపడ్డ జాన్సన్, రడ్, విలియమ్స్ తిరిగొచ్చారు. ‘షాట్ ఇన్ ద డార్క్’ వింటే స్టీవీ ఎంత జాగ్రత్తగా చిన్నాన్న చేతిని అనుసరించాడో తెలుస్తుంది. దెబ్బలు సరైన చోటే పడుతున్నాయి, ఖాళీలూ సరైన చోటే ఉన్నాయి. అయితే ఆల్బమ్‌లో కొత్త దారి ఒక్కటీ లేదు. ఆ పెట్టెలో ఇంకెన్ని రిఫ్‌లు మిగిలాయన్న దాని మీదే తర్వాతి ఆల్బమ్ ఆధారపడుతుంది. 2024లో యూరప్ టూర్ మొదలయ్యేసరికి డ్రమ్స్ దగ్గర మ్యాట్ లాగ్, బేస్ దగ్గర క్రిస్ చేనీ ఉన్నారు. పాత లైనప్‌లో ఆంగస్, జాన్సన్ మాత్రమే మిగిలారు. పాడుతున్న పాటల్లో పెద్దభాగం 1981కి ముందువి. జాన్సన్ గొంతు కొన్నిచోట్ల అందడం లేదు, ఆంగస్ సోలోలు బాగా పొడుగయ్యాయి. రిథమ్ గిటార్ మాత్రం, డ్రమ్స్ పక్కన అదే చోట నిలబడి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది.